ఏడో నంబరు తాళం

"మీ బావ లోపలున్నాడని నీకు తెలుసా, తెలీదా?"

డిటెక్టివ్ ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. గొంతు పెంచలేదు, బల్ల గుద్దలేదు. ఎడమచేతికి మిగిలిన మూడు వేళ్ళ మధ్య పెన్సిలు ఇరికించుకుని, ఎదురుగా కూర్చున్న ఆపరేటర్ మొహంలోకి చూస్తూ తాపీగా అడిగింది.

"తెలీదు మేడమ్. తెలిస్తే బటన్ నొక్కుతానా? ఆయన నా బావ."

"బావల్ని చంపిన బావమరుదులు నాకు ఇద్దరు తెలుసు. ఇద్దరూ నీలాగే ఏడ్చారు."

అతను ఏడుపు ఆపేశాడు. ఆవిడకి కావలసిందీ అదే. ఏడుస్తూ చెప్పే మనిషి టైములు ఎప్పుడూ పది నిమిషాలు అటో ఇటో అవుతాయి.

"ఇప్పుడు చెప్పు. గంటలూ నిమిషాలూ చాలు. మనసులో ఏమనుకున్నావో తర్వాత వింటాను."

"మూడుంబావుకి మిక్సర్ ఆపాను. బావ స్విచ్‌కి తన తాళం వేసుకుని లోపలికి దిగాడు. మూడూ నలభైకి టీ గంట కొట్టారు, వెళ్ళాను. నాలుగుకి ఐదు నిమిషాలుందనగా తిరిగొచ్చాను. స్విచ్‌కి తాళం లేదు. బోర్డు మీద తాళాలు లెక్కపెట్టాను, పద్నాలుగూ ఉన్నాయి. పని అయిపోయి వెళ్ళిపోయాడనుకున్నా. మూడూ యాభై ఏడుకి నొక్కాను."

"లెక్కపెట్టావా, చూసీచూడనట్టు వదిలేశావా?"

"వేలు పెట్టి లెక్కపెట్టాను మేడమ్. రోజూ అంతే. మాస్టారు అలాగే నేర్పించారు."

అది సబ్బుపొడి తయారుచేసే ఫ్యాక్టరీ. మిక్సర్ అంటే చిన్న గదంత ఇనప పీపా, అడ్డంగా పడుకోబెట్టి ఉంటుంది. దాని పొడవునా ఒక ఇరుసు, ఇరుసు చుట్టూ మెలితిరిగిన బ్లేళ్ళు. తడి పొడి బ్లేళ్ళకి పట్టి గట్టిపడిపోతే మెషీన్ ఆపి, పైనున్న మూత తీసి, ఒక మనిషి లోపలికి దిగి గోకాలి. లోపల మనిషుండగా ఎవరూ నడపకుండా ప్రతి ఒక్కరికీ నంబరు వేసిన ఎర్ర తాళం ఒకటి ఇచ్చారు. లోపలికి వెళ్ళేవాడు మెయిన్ స్విచ్‌కి తన తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంటాడు. బయటికొచ్చాక తీసి బోర్డుకి తగిలిస్తాడు. బోర్డు నిండుగా ఉంటే అందరూ బయట ఉన్నట్టు లెక్క. పద్నాలుగు మంది ప్రాణాలూ ఆ లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి.

మూడు రోజుల కింద ఆ లెక్క తప్పింది. లోపలున్న ఫిట్టర్ చచ్చిపోయాడు. బటన్ నొక్కింది అతని భార్యకి సొంత తమ్ముడు. డిటెక్టివ్‌ని పిలిపించింది ఆ భార్యే. ముందురోజు ఆవిడ డిటెక్టివ్ ఇంటి గుమ్మంలో నిలబడే చెప్పింది, లోపలికి వచ్చి కూర్చోను కూడా లేదు. "ఆయన ఎలాగూ తిరిగిరాడు. నా తమ్ముడు కావాలని చేశాడో లేదో తేల్చండి. చేసుంటే నేనే చెయ్యి పట్టుకెళ్ళి పోలీసులకి అప్పగిస్తాను. చెయ్యకపోతే మాత్రం వాణ్ణి నా కళ్ళముందు నుంచి తీసుకుపోనివ్వకండి."

పోలీసులు వచ్చేది పన్నెండింటికి. గోడ గడియారం తొమ్మిదీ యాభై చూపిస్తోంది.

తలుపు కొట్టకుండానే ఒకతను లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నీలం ఫైలు. ఐదేళ్ళపాటు డిటెక్టివ్ సంచీ మోసి, పనంతా నేర్చుకుని, ఆరో ఏట కంపెనీల తరఫున సొంత దుకాణం పెట్టుకున్న శిష్యుడు.

"గురువుగారికి నమస్కారం. ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే ఉన్నారా? నా రిపోర్టు రాత్రే అయిపోయింది."

"నీకు అన్నీ తొందరే నాయనా. నా దగ్గరున్నప్పుడు కూడా టీ చల్లారేదాకా ఆగేవాడివి కాదు. ఏం రాశావు?"

"ఇందులో రాయడానికి ఏముంది? మిక్సర్ మూత తెరిచున్నా మెషీన్ తిరిగేస్తోందని ఫిట్టర్ కంప్లైంటు రాశాడు. పైకి పంపితే మెషీన్ ఆపేస్తారు, షిఫ్టులు పోతాయి అని ఈయన గొడవపడ్డాడు. క్యాంటీన్‌లో అరవై మంది ముందు 'నువ్వు మా నోటి దగ్గర కూడు తీసేస్తున్నావు' అని అరిచాడు. మర్నాడు ఫిట్టర్ తాళం వెయ్యకుండా దిగాడు. ఈయన చూశాడు, అవకాశం దొరికింది, నొక్కాడు."

ఆపరేటర్ కుర్చీలోంచి లేవబోయాడు. "అరిచిన మాట నిజమే! సాయంత్రం ఇంటికెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను కూడా. అక్కని అడగండి!"

"కూర్చో," అంది డిటెక్టివ్. శిష్యుడి వైపు తిరిగింది. "ఫిట్టర్ తాళం వెయ్యలేదని నీకెవరు చెప్పారు?"

"ఏడో నంబరు తాళం బోర్డు మీదే ఉంది. ఫొటో ఉంది. తాళం తన కథ తనే చెప్తోంది."

"తాళం కథలు చెప్పదు. తాళంచెవి చెప్తుంది. దాన్ని చూశావా?"

శిష్యుడు ఫైలు తిరగేశాడు. "తాళంచెవితో పనేముంది?"

డిటెక్టివ్ లేచింది. మిగతా ఇద్దరూ ఆవిడ వెనకే నడిచారు.

*

బోర్డు మొదటి మిక్సర్ పక్కన గోడకి ఉంది. చెక్క మీద పద్నాలుగు మేకులు, పద్నాలుగు ఎర్ర తాళాలు. పైన పెద్ద అక్షరాలతో "ప్రమాదం లేని రోజులు" అని రాసుంది. కింద అంకె ఉండాల్సిన చోట ఖాళీ పలక.

ఆ పలక కింద ముసలాయన ఒకాయన నిలబడి, గుడ్డతో తాళాలు ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. భద్రతా అధికారి అని ఆయన కోటు మీద రాసుంది గానీ ఫ్యాక్టరీలో అందరూ తాళాల మాస్టారు అంటారు. ఈ తాళాల పద్ధతి తెచ్చింది ఆయనే. దానికోసం యాజమాన్యంతో పదేళ్ళు కొట్లాడాడని డిటెక్టివ్ విన్నది. ఆయన్ని చూడగానే ఆవిడకి గౌరవం కలిగింది. ఇరవై మూడేళ్ళ వయసులో ఆవిడ ఎడమచెయ్యి ప్రెస్సు మెషీన్ కింద ఉన్నప్పుడు ఇలాంటి మనిషి ఒకడు ఆ ఫ్యాక్టరీలో ఉండుంటే, ఈ పాటికి పది వేళ్ళతో ఇంట్లో కూర్చుని ఉండేది.

"ముప్పై ఏళ్ళు నెత్తీనోరూ కొట్టుకున్నానమ్మా," అన్నాడు మాస్టారు, కళ్ళు తుడుచుకుంటూ. "తాళం లేకుండా దిగొద్దురా అని. వినలేదు. టీ తాగి వచ్చి, ఇంకో ఐదు నిమిషాల పనేగా అని దిగిపోయి ఉంటాడు."

"టీకి వెళ్ళాడని మీకెలా తెలుసు?"

"మూడూ యాభైకి నేనే మూత దగ్గర నిలబడి పిలిచానుగా. 'లోపలెవరైనా ఉన్నారా' అని. పలకలేదు. మనిషుంటే పలకడూ?"

"అప్పుడు స్విచ్‌కి తాళం ఉందా?"

మాస్టారు గుడ్డ మడతపెట్టాడు. "లేదు," అన్నాడు.

ఆ మడతపెట్టడానికి పట్టిన టైముని డిటెక్టివ్ మనసులో రాసుకుంది.

ఫిట్టర్ భార్య దూరంగా స్తంభం దగ్గర నిలబడి ఉంది. తమ్ముడి వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు గోడనే చూస్తోంది. డిటెక్టివ్ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది. "ఆస్పత్రివాళ్ళు మీకిచ్చినవి తెచ్చారా?"

ఆవిడ చిన్న కవరు తీసింది. చేతి గడియారం, దువ్వెన, నల్లతాడుకి కట్టిన ఇత్తడి తాళంచెవి, ఇంకా నారింజరంగు ఇయర్ ప్లగ్‌లు రెండు. "ఇవి చెవుల్లో ఉన్నాయట. మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు."

"ఆ వారమే కొత్తగా ఇచ్చాంలేమ్మా," అన్నాడు మాస్టారు. "ఈ రొదకి అందరికీ చెవులు పోతున్నాయని నేనే తెప్పించాను."

డిటెక్టివ్ ఇయర్ ప్లగ్‌లు కవర్లో వేసి, తాళంచెవి మాత్రం పట్టుకుని బోర్డు దగ్గరికి నడిచింది. ఏడో నంబరు తాళంలో పెట్టింది. సగం దూరింది. తిప్పింది. తిరగలేదు.

"తుప్పు పట్టి ఉంటుంది," అన్నాడు శిష్యుడు.

"తుప్పా? దీని ఒంటి మీద ఒక్క గీత లేదు చూడు. పక్కనున్న ఆరో నంబరు చూడు, ఎనిమిది చూడు. రోజూ ఇనప స్విచ్‌కి రాసుకుని కొక్కేలన్నీ తెల్లగా అరిగిపోయాయి. ఫిట్టర్ అందరికంటే ఎక్కువసార్లు దిగే మనిషి. ఆయన తాళం పెళ్ళికూతుర్లా మెరుస్తోందేం?"

శిష్యుడి చేతిలో నీలం ఫైలు కొంచెం కిందికి జారింది. "అంటే..."

"అంటే ఇది ఆయన తాళం కాదు. ఆయనది స్విచ్‌కే ఉంది. ఎవరో తీసేసి, బోర్డు మీద ఏడో నంబరు కొత్తది తగిలించారు. ఈయన వచ్చి లెక్కపెట్టుకున్నాడు, పద్నాలుగూ ఉన్నాయి."

ఫిట్టర్ భార్య మొదటిసారి తమ్ముడి వైపు చూసింది. అతను తల ఎత్తలేదు.

"గురువుగారూ, మీకు కథలల్లడం అలవాటే," శిష్యుడు త్వరగానే తేరుకున్నాడు. "అయినా ఒప్పుకుంటాను. తాళం మార్చిందీ ఈ బావమరిదే ఎందుకు కాకూడదు? టీ టైములో మార్చేసి, తిరిగొచ్చి నొక్కాడు. నా రిపోర్టులో ఒక్క లైను మారుస్తాను, అంతే. ఇప్పుడు హత్య ఇంకా గట్టిగా నిలబడుతుంది."

వాదనకి బలముంది. అందుకే ఆవిడకి ఒళ్ళు మండింది. ఈ బుర్రని తనే పదునుపెట్టింది, ఇప్పుడు అది తన మీదికే వస్తోంది.

"మాస్టారూ, కొత్త తాళాలు ఎక్కడుంటాయి?"

ఆయన ఇంకో తాళం తుడవడం మొదలుపెట్టాడు. "స్టోర్సులో. ఆ గది తాళంచెవి నా దగ్గరొకటి, మేనేజర్ దగ్గరొకటి. టీ టైములో మాత్రం తలుపు తీసే ఉంటుందమ్మా, ఎవరైనా వెళ్ళచ్చు." గుడ్డ జేబులో పెట్టుకున్నాడు. "వస్తా. పదకొండుకి మొదటి మిక్సర్ తిరగాలని మేనేజరు నా ప్రాణం తీస్తున్నాడు." నడుం పట్టుకుని మెల్లిగా వెళ్ళిపోయాడు.

*

పదీ పదిహేనుకి డిటెక్టివ్ ఒక క్లీనర్ని పట్టుకుంది. తలకి గుడ్డ చుట్టుకున్న నడివయసు ఆడమనిషి, మెడలో మూడో నంబరు తాళంచెవి వేలాడుతోంది.

"తొందరగా అడగండమ్మా, రెండో మిక్సర్లో దిగాలి. అది గోకి ఇస్తే గానీ నాకు భోజనం ఉండదు."

"ఒక బకెట్టు గోకడానికి ఎంతసేపు పడుతుంది?"

"చేతి వాటం ఉంటే పావుగంట. ఎంత మొనగాడికైనా అంతకి తక్కువ కాదు."

డిటెక్టివ్ పోలీసు ఫొటో తీసి చూసింది. మిక్సర్ లోపల మూల రెండు నిండు బకెట్లు, మూడోది ముప్పావు. అంటే నలభై నిమిషాల పైమాట. మూడుంబావుకి దిగిన మనిషి మూడూ యాభై ఏడు దాకా చెయ్యి ఆపకుండా గోకుతూనే ఉన్నాడు. టీకి వెళ్ళనే లేదు.

ఆ ఫొటో శిష్యుడి కళ్ళముందు పెట్టింది. "మూడూ యాభైకి మాస్టారు పిలిచినప్పుడు మనిషి లోపలే ఉన్నాడు. మరెందుకు పలకలేదు?"

శిష్యుడు ఎంతైనా ఆవిడ దగ్గర నేర్చుకున్నవాడు. ఫొటో చూశాడు, కవర్లోని నారింజరంగు ముక్కలు చూశాడు. మొహంలోంచి ఆ వెటకారం పోయింది. "వినపడలేదు," అన్నాడు మెల్లిగా. "కానీ దీంతో తాళం ఎవరు తీశారో తేలదు."

"తేలదు. మాస్టారు కావచ్చు, మేనేజర్ కావచ్చు, నువ్వన్నట్టు ఈ ఆపరేటరే కావచ్చు. ఒక్కటి మాత్రం చెప్తాను. నంబరు వేసిన కొత్త తాళం చేతిలో సిద్ధంగా ఉందంటే, ఈ పని చేసేవాడికి ఇది అలవాటే. పదీ నలభైకి టీ గంట. ఆ పావుగంట నాకివ్వు. ఏమీ జరగకపోతే నీ రిపోర్టు మీద నేనే సాక్షి సంతకం పెడతాను."

"మీ సంతకమా?" శిష్యుడు గడియారం చూసుకున్నాడు. "సరే. ఇచ్చాను."

పదీ ముప్పై ఎనిమిదికి ఆపరేటర్ మొదటి మిక్సర్ కరెంటు పెట్టె తెరిచి, మూడు ఫ్యూజులు ఊడబీకి డిటెక్టివ్ చేతిలో పెట్టాడు. ఆవిడ వాటిని లెక్కపెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని జిప్పు లాగింది. ఇంక ఎవడు ఏ బటన్ నొక్కినా ఈ మెషీన్ కదలదు. ఆ పొద్దున దాన్ని కడిగిన మనిషి దగ్గర అడిగి తీసుకున్న పదకొండో నంబరు తాళాన్ని స్విచ్‌కి వేసింది. శిష్యుడు, అక్కాతమ్ముళ్ళు పొడి బస్తాల వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. టీ గంట మోగింది. షెడ్డు ఖాళీ అయింది.

డిటెక్టివ్ నిచ్చెన ఎక్కి మూతలోంచి లోపలికి దిగింది.

మూత వెడల్పు ఆవిడ భుజాలకంటే నాలుగు వేళ్ళు ఎక్కువ. లోపల ఇనుము చల్లగా ఉంది. సబ్బు వాసన గొంతుకి అడ్డం పడుతోంది. బ్లేళ్ళ మధ్య వంగి, పక్కకి తిరిగి, ఒక కాలు తీసి ఇంకో కాలు వేసుకుంటూ చివరి మూలకి చేరింది. ఫిట్టర్ బకెట్లు పెట్టిన మూల అదే. అక్కణ్ణుంచి మూత దగ్గరికి మళ్ళీ వెళ్ళి చూసుకుంది. ఎంత తొందరపడినా ఇరవై ఆరు సెకన్లు పట్టింది. బటన్ నొక్కాక హెచ్చరిక గంట మోగేది పది సెకన్లు. పదకొండో సెకనుకి బ్లేళ్ళు తిరుగుతాయి. గంట వినపడినా వినపడకపోయినా ఆయన బయటికి రాగలిగేవాడు కాదు. ఆవిడకి ఎప్పుడో పోయిన వేళ్ళు జివ్వుమని నొప్పెట్టాయి.

మూలకి వెళ్ళి కూర్చుంది. టార్చి ఆర్పేసి, అలాంటివే నారింజరంగు ముక్కలు రెండు చెవుల్లో దూర్చుకుంది. లోకం మాయమైపోయింది. ఆవిడ గుండె కొట్టుకోవడం మాత్రం ఆవిడకి వినిపిస్తోంది.

పదీ నలభై ఐదు. పదీ యాభై. పదీ యాభై రెండు.

మూతలోంచి పడుతున్న వెలుతురు సగం తగ్గింది. ఒక తల లోపలికి వంగింది. పెదవులు కదిలాయి. ఏమీ వినపడలేదు. ఆ తల ఒకటి రెండు క్షణాలు ఆగింది, చీకటి మూలలో ఉన్న ఆవిడ కనపడలేదు, వెనక్కి వెళ్ళిపోయింది. వెలుతురు మళ్ళీ పడింది.

ఆవిడ చెవుల్లోవి పీకేసింది.

కింద, స్విచ్ దగ్గర, ఇనుము తెగిన చప్పుడు వినపడింది.

*

డిటెక్టివ్ మూతలోంచి తల బయట పెట్టేసరికి కింద తాళాల మాస్టారు ఉన్నాడు. ఒక చేతిలో పొడుగు పిడుల కత్తెర, ఇంకో చేతిలో తెగిన పదకొండో నంబరు తాళం. కొత్త పదకొండో నంబరు అప్పటికే బోర్డు మీద మెరుస్తోంది.

ఆయన ఉలిక్కిపడి పైకి చూశాడు. "అయ్యో, నువ్వు లోపలున్నావా అమ్మా? పిలిచాను కదా! టీకి వెళ్ళారనుకున్నాను."

బస్తాల వెనకనుంచి ముగ్గురూ లేచి వచ్చారు. ఫిట్టర్ భార్య అందరికంటే ముందుంది. ఆ మాట ఆవిడ విన్నది.

డిటెక్టివ్ నిచ్చెన దిగి, అరచెయ్యి తెరిచి నారింజరంగు ముక్కలు చూపించింది. "మీరు పిలిచారు మాస్టారూ. నాకు వినపడలేదు. ఫిట్టర్‌కీ వినపడలేదు. ఆయన ఏడో నంబరు ఎక్కడుంది?"

మాస్టారు ఆ ముక్కల వైపు చూశాడు. భుజాన ఉన్న గుడ్డసంచీ విప్పి, తెగిన తాళం ఒకటి తీశాడు. దాన్ని ఎందుకు పారెయ్యలేదో ఆయనకే తెలియాలి. డిటెక్టివ్ ఫిట్టర్ తాళంచెవిని అందులో పెట్టి తిప్పింది. సాఫీగా తిరిగింది.

శిష్యుడు ఫైలు మూసేశాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అడిగింది డిటెక్టివ్.

"ఏడాదిన్నర," అన్నాడు మాస్టారు. "మర్చిపోతారమ్మా. తాళం స్విచ్‌కే వదిలేసి టీకి వెళ్ళిపోతారు. రాసిపెడితే మెమో ఇస్తారు, మూడు మెమోలకి ఉద్యోగం పోతుంది. పిల్లల్లాంటివాళ్ళు, వాళ్ళ పొట్ట కొట్టడం ఎందుకని... కత్తిరించి కొత్తది పెట్టేవాణ్ణి. కొత్త తాళంచెవి రహస్యంగా చేతిలో పెట్టేవాణ్ణి. ప్రతిసారీ పిలిచేవాణ్ణి. పిలవకుండా ఒక్కసారీ చెయ్యలేదు."

"వాళ్ళెవరూ బయటికి చెప్పలేదా?"

"ఎవరికి వాళ్ళు వాళ్ళ ఒక్కరికే చేశాననుకున్నారు."

ఫిట్టర్ భార్య ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "మా ఆయన ఎప్పుడైనా మర్చిపోయాడా?"

మాస్టారు తల అడ్డంగా ఊపాడు.

"మరి మా ఆయనది ఎందుకు కోశారు? మూడు రోజులనుంచి నా తమ్ముణ్ణి హంతకుడంటుంటే మీరు ఇక్కడే నిలబడి తాళాలు తుడుచుకుంటున్నారా?"

"నేను కోసినప్పుడు లోపల లేడనే అనుకున్నానమ్మా. తర్వాత వచ్చి దిగాడనుకున్నాను. ప్రమాణం చేస్తాను. అనుకోకపోతే నేను బతకలేను కదా."

ఆయన అబద్ధం ఆడటం లేదని డిటెక్టివ్‌కి తెలుసు. కోపమూ జాలీ రెండూ కలిసి వచ్చాయి, ఏది ముందు చూపించాలో ఆవిడకి తెలియలేదు. సంచీ అందుకుని లోపలికి చూసింది. తెగిన తాళాలు ఇంకో పదిదాకా ఉన్నాయి, అన్నీ దుమ్ముకొట్టి నల్లబడ్డాయి. ఒక్కటి తప్ప. దాని తెగిన చోటు తళతళలాడుతోంది. తిప్పి నంబరు చూసింది.

మూడు.

"మాస్టారూ, ఇది ఎప్పటిది?"

"అదా... ఇందాక ఇటు వస్తూ వస్తూ... రెండో మిక్సర్ మీద..."

డిటెక్టివ్‌కి క్లీనర్ మాట గుర్తొచ్చింది. తొందరగా అడగండమ్మా, రెండో మిక్సర్లో దిగాలి. ఆ మాట తన చెవులతో తనే విన్నది. విని, ఒక్క మెషీన్ ఫ్యూజులు బ్యాగ్‌లో వేసుకుని, జిప్పు లాగి, అంతా భద్రం అనుకుంది.

గడియారం పదీ యాభై ఆరు. గోడకి అవతల హాల్లో హెచ్చరిక గంట మోగింది.

ఒకటి.

ఆపరేటర్ పరిగెత్తాడు. కానీ అవతల హాలు వైపు కాదు, దానికి ఎదురుగా, బయటి గేటు వైపు.

"పారిపోతున్నాడు! పట్టుకోండి!" శిష్యుడు అరిచాడు.

మూడు. నాలుగు. డిటెక్టివ్ అవతల హాలు తలుపు వైపు దూకింది. నలభై గజాలు. తన కాళ్ళకి పన్నెండు సెకన్లు. సరిపోదు. ఆవిడ లెక్కలు ఎప్పుడూ తప్పవు, అందుకే ఆ క్షణంలో ఆవిడకి అంత భయం వేసింది.

"ఆపండి! లోపల మనిషుంది!" గొంతు చించుకుని అరిచింది. గంట మోతలో ఆ అరుపు ఆవిడకే వినపడలేదు.

ఆరు. ఏడు. ఎనిమిది.

ఫెళ్ళుమని చప్పుడైంది. గంట ఆగింది. లైట్లు పోయాయి. ఫ్యానులు, బెల్టులు, ఎక్కడో దూరంగా తిరుగుతున్న మోటార్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగిపోయాయి. షెడ్డు షెడ్డంతా చీకటి.

డిటెక్టివ్ టార్చి వెలిగించి రెండో మిక్సర్ దగ్గరికి వెళ్ళింది. స్విచ్‌కి తాళం లేదని చూసి నొక్కిన అక్కడి ఆపరేటర్ వేలు ఇంకా బటన్ మీదే ఉంది, మనిషి బిగుసుకుపోయాడు. పైన మూత దగ్గర కదలిక కనపడింది. తలగుడ్డ మీదా కనుబొమల మీదా తెల్లగా పొడి పట్టిన క్లీనర్, మెడ వరకూ బయటికి వచ్చి, ఒక చెవిలోంచి నారింజరంగు ముక్క పీకింది.

"ఏంటీ, కరెంటు పోయిందా?" అంది విసుగ్గా. "నాకింకా ఒక బకెట్టు పనుంది."

వెనక తలుపులో తాళాల మాస్టారు నిలబడి ఉన్నాడు. ఆ మాట వినగానే తలుపు పట్టుకుని అక్కడే కూలబడిపోయాడు. "ఈమెనీ పిలిచాను," అన్నాడు. "పిలిచాను. పలకలేదు." అదే మాట మళ్ళీ మళ్ళీ అనడం మొదలుపెట్టాడు. శిష్యుడు ఆయన పక్కన కూర్చుని, చేతిలో ఇంకా పట్టుకునే ఉన్న కత్తెరని మెల్లిగా విడిపించాడు.

షెడ్డు మొత్తానికీ ఉన్న పెద్ద మెయిన్ స్విచ్ బయటి గేటు పక్కన, ఇరవై అడుగుల దూరంలో ఉంది. అన్నిటికంటే దగ్గర స్విచ్ అదే. అది ఆ ఆపరేటర్‌కి ఒక్కడికే గుర్తొచ్చింది. టార్చి వెలుతురులో చూస్తే, కిందికి లాగిన ఇనప పిడిని రెండు చేతులతో పట్టుకుని, నుదురు గోడకి ఆనించి నిలబడి ఉన్నాడు.

అక్క వెళ్ళి అతని చేతుల మీద చెయ్యి వేసింది. మూడు రోజుల్లో తమ్ముణ్ణి ముట్టుకోవడం అదే మొదటిసారి.

"వదులురా. ఆగిపోయింది."

"వదలను. ముందు లెక్కపెట్టక్కా," అన్నాడు అతను, కళ్ళు తెరవకుండా. "తాళాలు కాదు, మనుషుల్ని. పద్నాలుగు మందీ బయటికొచ్చారో లేదో లెక్కపెట్టు."

"పదమూడేరా," అంది అక్క.

తర్వాత కళ్ళు తుడుచుకుని, చీకట్లో తడుముకుంటూ గేటు దగ్గరికి వస్తున్న ఒక్కొక్కరి భుజం తట్టి, ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.